రెండో పక్షానికి శుక్రవారం సెలవు

మీ తరం పిల్లలు సెల్‌ఫోన్ కొనేముందు నలుగురిని అడుగుతారు. డబ్బా మీద రాసిన గ్యారంటీ షరతులు చదువుతారు. నచ్చకపోతే వాపసు తీసుకుంటారా లేదా అని కొట్టువాణ్ణి నిలదీస్తారు. పెళ్లి దగ్గరికొచ్చేసరికి మాత్రం మీరూ మాలాంటివాళ్లే. ఫంక్షన్ హాలు ఏది, బిర్యానీ ఎవరు వండుతారు, ఫొటోలు ఎవరు తీస్తారు, ఈ మూడూ తేలితే అన్నీ తేలిపోయినట్టే. పెళ్లికి ముందే షరతులు మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకుందామని ఎవరైనా అంటే, అదేదో కోటీశ్వరుల వ్యవహారం అన్నట్టు చూస్తారు.

మా ముసల్మానులకైతే ఆ సాకు కూడా లేదు. నికా అంటేనే ఒప్పందం. ఖాజీ గారి పుస్తకంలో షరతులకని ఒక గడి ఉంటుంది. మా రాయలసీమలో నేను వెళ్లిన ప్రతి పెళ్లిలోనూ ఖాజీ గారు ఆ గడి దగ్గరికి రాగానే తల ఎత్తకుండా అడ్డంగా ఒక గీత కొట్టేసేవారు. అవతల భోజనాలు చల్లారిపోతుంటాయి గదా. నా పెళ్లిలోనూ అదే గీత కొట్టారు. ఆ గడి అక్కడ ఎందుకుందని ఆయన్ని అడిగినవాణ్ణి నేను చూడలేదు, నేనూ అడగలేదు.

ఆ గడి నిండడం మొదటిసారి చూసింది అల్ ఐన్‌లో. రెండు వేల ఆరు అనుకుంటాను. అప్పుడు నేనక్కడ ఒక టైపింగ్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. అల్ ఐన్ అయినా అబూధాబీ అయినా మా వాళ్లకు అంతా దుబాయే. ఆ దుబాయిలో ఏ ఆఫీసులోనూ చేత్తో రాసిన కాగితం తీసుకోరు. వీసా రావాలన్నా, ఉన్న వీసా పోవాలన్నా, ఇల్లు అద్దెకు కావాలన్నా ముందు మాలాంటివాళ్ల దగ్గరికొచ్చి అరబ్బీలో టైపు చేయించుకోవాలి. నాకు అరబ్బీ చదవడం చిన్నప్పుడు మదర్సాలో వచ్చింది. చదివినదానికి అర్థం మాత్రం దుబాయ్ వెళ్లాకే తెలిసింది.

మా ముదీర్, అంటే షాపు మేనేజరు, మలయాళీ. ఆయనకు ఒకటే సిద్ధాంతం. కొత్తగా ఏదీ రాయకూడదు. లోకంలో కావాల్సిన కాగితాలన్నీ ఎవరో ఒకరికి ఇదివరకే టైపు చేసి ఉంటాం, ఆ ఫైలు తెరిచి పేర్లు మార్చడమే మన పని అనేవాడు. "నయా మత్ లిఖో భాయ్, పురానా ఖోలో" అని రోజుకు ఎన్నిసార్లు అనేవాడో లెక్క లేదు. మనుషుల బతుకులు కూడా అంతే గదా, పేర్లు తప్ప మిగతాదంతా ఒకటే అని నేనూ ఒప్పుకుని పనిచేసేవాణ్ణి.

ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నలుగురు వచ్చారు. అందులో ఒకావిడ నాకు తెలిసిన మనిషే. నెల్లూరు వైపు నుంచి వచ్చి అల్ ఐన్‌లోనే ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. తండ్రి పోయాడు. ఆవిడ వెంట వచ్చిన పెద్దాయన చిన్నాయన, అంటే తండ్రి తమ్ముడు. అల్ ఐన్ బజారులో అరబ్బులకు కందూరాలు, అంటే వాళ్లు తొడుక్కునే పొడుగు అంగీలు, కుట్టే దర్జీ. నికాకు ఆడపిల్ల తరఫున పెద్దగా నిలబడాల్సింది ఆయనే. ఎవరు ఏమన్నా, ఎదుటివాడు దానికి వ్యతిరేకంగా ఏమన్నా, "అదీ నిజమే" అనడం ఆయన అలవాటు.

మూడో మనిషి పెళ్లికొడుకు. కడప వైపు వాడు, రువైస్ రిఫైనరీలో ఒక కాంట్రాక్టు కంపెనీలో టెక్నీషియన్. చూడ్డానికి బుద్ధిమంతుడు. రాగానే మూలనున్న కుర్చీలో కూర్చుని ఏసీ వైపు చూడడం మొదలుపెట్టాడు. మాట్లాడే బాధ్యతంతా నాలుగో మనిషిది. ఆయన పెళ్లికొడుకు అక్క మొగుడు, అంటే బావ. దుబాయ్ అల్ వర్సాన్‌లో ఒక లేబర్ క్యాంపుకు క్యాంపు బాసు. తన ఊళ్లో సగం మందిని వీసాల మీద తెచ్చిన ఘనుడు. క్యాంపులో ఉండేవాళ్ల పాస్‌పోర్టులన్నీ ఆయన గదిలో ఇనప బీరువాలో రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలుగా ఉండేవి. ఎందుకయ్యా అంటే, "పోగొట్టుకుంటారు గదప్పా" అనేవాడు. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాణ్ణి నేను పెద్దగా చూడలేదు. ఆ బీరువాలోంచి బయటికి తీయించుకోలేక ఏడ్చినవాళ్లను మాత్రం చూశాను.

"భాయ్, ఈ పాప పెండ్లికి ముందరే అగ్రిమెంటు రాయాలంటాంది" అన్నాడు బావగారు కుర్చీ లాక్కుంటూ. "మా ఇండ్లల్లో ఇట్లాటియి ల్యావు. సరే, చదువుకున్న పాప గదా, ముచ్చట పడతాంది. ఏదో ఒకటి టైపు కొట్టి ఖలాస్ చెయ్యి."

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ ముందే అనుకుని వచ్చినట్టుంది, తడుముకోకుండా చెప్పింది.

"మూడే అన్నా. నేను ఉద్యోగం మానను. నా వీసా ఆసుపత్రి మీదనే ఉండాల, ఆయన మీదకు మార్చగూడదు. నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉండాల. ఈ మూడూ నికా కాగితంలో పడాల. పడకపోతే నికా వద్దు."

"అదీ నిజమే" అన్నాడు చిన్నాయన.

"ఏంది నిజం?" అన్నాడు బావగారు. "మా వోని పెండ్లాం ఇంగోని వీసా మీద ఉంటే నలుగురిలో ఏం మర్యాద ఉంటాది? రువైస్‌లో కంపెనీ ఇల్లిచ్చింది. రాజీనామా ఇచ్చి, వీసా మావోని మీదికి మార్పిచ్చుకోని, వంట చేసుకోని ఉండాల. అది గదా సంసారం."

"అదీ నిజమే" అన్నాడు చిన్నాయన, ఈసారి కొంచెం నెమ్మదిగా.

దేశం బయట బతకని వాళ్లకు ఇందులో ఏముందో అర్థం కాకపోవచ్చు, చెబుతాను. అక్కడ మన వీసా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు మనకు కఫీల్, అంటే పూచీదారు. భార్య వీసా భర్త పేరు మీద ఉంటే భర్తే కఫీల్. ఆమె ఉద్యోగం చేయాలంటే ఆయన తనకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. కోపమొచ్చి ఒక్క ఫారం నింపాడంటే ఆమె వీసా రద్దు. సంసారంలో కోపాలు రాకుండా ఉండవు గదా. మామూలు ఇళ్లల్లో కోపమొస్తే మొగుడు అన్నం తినకుండా లేస్తాడు. అక్కడ మొగుడు నేరుగా టైపింగ్ సెంటర్‌కు వస్తాడు.

"నా క్వార్టర్లో ఉన్న పిల్లకు అట్టానే అయింది అన్నా" అంది నర్సమ్మ. "పెళ్లయినాక వీసా మార్చుకుంది. ఏందో మాటా మాటా అనుకున్నారంట. వార్డులో డ్యూటీలో ఉండంగానే ఫోనొచ్చింది, నీ వీసా క్యాన్సిల్ అయిందని. ఆ ఫారం ఇక్కడే టైపు చేయించినారంట. ఎంతసేపు పట్టిందన్నా అది టైపు చేయను?"

నాకు గుర్తుంది ఆ ఫారం. ముందు పెట్టుకున్న టీ చల్లారేలోపు అయిపోయిన పని. ఆ మాట ఆవిడతో అనలేక, రేపు సాయంత్రం రండి, ముసాయిదా తయారు చేసి పెడతాను అని పంపించేశాను.

వాళ్లు వెళ్లాక తెలిసింది నా కష్టం. కంప్యూటరంతా వెతికినా పెళ్లి ఒప్పందం ఫైలు ఒక్కటీ లేదు. ముదీర్‌ను అడిగాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా, "లేబర్ కాంట్రాక్ట్ ఖోలో. దో పార్టీ, దో సైన్, సేమ్ హై" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. ఉద్యోగ ఒప్పందం ఫైలు తెరిచి, "కంపెనీ" అన్న చోటల్లా "భర్త" అనీ, "కార్మికుడు" అన్న చోటల్లా "భార్య" అనీ మార్చమని కంప్యూటర్‌కు చెప్పాను. అది కళ్లు మూసి తెరిచేలోపు మార్చేసింది. చివర ఆవిడ చెప్పిన మూడు షరతులూ చేర్చాను. అక్కర్లేని అంశాలన్నీ తీరిగ్గా తీసేద్దామనుకున్నాను. ఇంతలో ఒక క్యాంపు నుంచి బస్సు నిండా జనం వీసా రెన్యువల్‌కు దిగారు. ఆ హడావుడిలో అది అట్లాగే ఉండిపోయింది. మర్నాడు వాళ్లు రాగానే అదే ప్రింటు కొట్టాను.

వాళ్లెవరికీ అరబ్బీ చదవడం రాదు గనక నేనే చదువుతూ తెలుగులో చెప్పాలి. చదవడం మొదలుపెట్టాక గాని నేనేం టైపు చేశానో నాకే తెలియలేదు.

"మొదటి పక్షమైన భర్త, రెండో పక్షమైన భార్యను ఈ దేశంలో నియమించుకొనుటకు అంగీకరించినాడు" అని చదివి ఆగిపోయాను. తప్పు ఫైలు అని చెప్పబోయాను.

"ఆగుతావేంది, చదువు" అన్నాడు బావగారు. "బాగనే ఉంది గదా."

ఆయనకు ఎందుకు బాగుండదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన విన్న ఒప్పందం అదొక్కటే. ఇక చేసేది లేక చదువుకుంటూ పోయాను. భర్త తన సొంత ఖర్చుతో భార్యకు వసతియు, పని స్థలమునకు రవాణాయు కల్పించవలెను. భార్య భర్తయొక్క రహస్యములను పోటీ సంస్థలకు వెల్లడి చేయరాదు. ఒప్పందము ముగిసిన పిమ్మట ఇదే ప్రాంతములో ఇదే తరహా మరియొక భర్త వద్ద చేరరాదు. దురదృష్టవశాత్తు భార్య మరణించినచో దేహమును స్వదేశమునకు పంపు బాధ్యత భర్తది.

చిన్నాయన రెండు చేతులూ ఎత్తి దువా చేసినట్టు ముఖం తుడుచుకున్నాడు. నర్సమ్మ దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అని భయపడ్డాను గానీ, అది నవ్వు. బావగారు మాత్రం కళ్లు మూసుకుని తలాడిస్తూ వింటున్నాడు. పెళ్లికొడుకు ఏసీ నుంచి చూపు దించి మొదటిసారి ఆవిడ నవ్వును చూశాడు.

"భార్యకు ఆరు నెలలు ప్రొబేషన్" అని చదివాను.

"అది ఉండాల్సిందే" అన్నాడు బావగారు కళ్లు తెరిచి. "మనిషి ఎట్లాటిదో తెలియద్దా?"

నర్సమ్మ కొంగు తీసింది. "ఆ ప్రొబేషన్ రెండు పక్షాలకూ గదన్నా? ఆరు నెలల్లో ఆయన నాకు నచ్చకపోతే నేనూ పంపించెయ్యచ్చా?"

"రూలు ప్రకారం రెండు పక్షాలకీ, అమ్మా" అన్నాను.

"తీసెయ్ అది" అన్నాడు బావగారు.

అక్కడి నుంచి ఆయన కత్తెర పట్టుకున్నాడు. రోజుకు ఎనిమిది గంటల పని, అంతకు మించితే ఓవర్‌టైము అన్నదాన్ని కొట్టెయ్యమన్నాడు. ఇంటి పనికి ఓవర్‌టైము ఏంది అన్నాడు. ఏడాదికి నెల రోజుల సెలవు, రానూపోనూ టికెట్టుతో సహా అన్నదాన్ని కొట్టెయ్యమన్నాడు. పుట్టింటికి పోయేది మావోడు పంపిచ్చినప్పుడు అన్నాడు. వారానికొక రోజు, శుక్రవారం, పూర్తి సెలవు అని చదివేసరికి ఆయనకు నిజంగానే కోపమొచ్చింది.

"శుక్రవారం సెలవేందప్పా? మా వాళ్లంతా ఇంటికొచ్చేది శుక్రవారమే గదా. బిర్యానీ ఎవురు చేయాల? కొట్టెయ్."

నర్సమ్మ చెయ్యి చాపి ఆ కాగితం నా దగ్గర నుంచి తీసుకుంది. చదవడం రాకపోయినా కాసేపు అట్లాగే చూసింది. అప్పుడింక నవ్వు లేదు.

"దీన్ని చించబాకన్నా. నేను అడగాల్సింది ఏందో నాకే తెలియలేదు ఇంతదాకా. మూడే అడిగినా. మీ క్యాంపులో సిమెంటు మోసే మనిషికి వారానికొక రోజు సెలవుండాది, ఊరికి పోను టికెట్టుండాది. ఆ మాత్రం గూడా నాకు ఉండగూడదని ఈయన కొట్టేస్తా ఉండాడు" అంది.

మా వాళ్లల్లో ఆడపిల్ల పెళ్లి మాటల దగ్గర కూర్చోవడమే ఎక్కువ, ఈ మాదిరి మాట్లాడితే ఏం చేయాలో బావగారికి నేర్పినవాళ్లు లేరు. ఆయన గొంతు తగ్గించి, చిన్నాయన మోకాలి మీద చెయ్యి వేసి, ఇంకో దారి పట్టాడు.

"చూడు పెద్దాయనా. ఆ మూడూ మేము ఒప్పుకుంటాం. ఉద్యోగం చేసుకోనీ. అయితే నికా ఈడ కోర్టులో గదా, ఆ ఖాజీ ముందర ఇయ్యన్నీ చెప్పుకుంటే ఇజ్జత్ పోతాది. మన మధ్యన మాటుంది, చాలదా? నేను మాటిస్తాండా. ఖాజీ అడిగితే మాఫీ అని చెప్పు, అయిపోతాది."

మాఫీ అంటే ఆ దేశపు అరబ్బీలో లేదు అని. అక్కడ మనవాళ్లు మొదట నేర్చుకునే మాట అదే. పని మాఫీ, సెలవు మాఫీ, జీతం మాఫీ. ఇప్పుడు షరతులు కూడా మాఫీ అన్నమాట. చిన్నాయన అన్నకూతురి వైపు చూడకుండా, "అదీ నిజమే" అన్నాడు. వెళ్లేటప్పుడు ఆవిడ నా దగ్గరికొచ్చి, కోర్టులో తర్జుమా చేయడానికి నువ్వే రావాలన్నా అని అడిగింది. సరేనన్నాను. క్యాంపు బాసుల నోటిమాట ఎంత గట్టిదో వీసాల దగ్గర పనిచేసినవాడికి చెప్పనక్కర్లేదు.

కోర్టులో నికా జరిపించే గది చిన్నది. ఖాజీ గారు ఆ దేశపు మనిషి, పెద్ద వయసు, ముక్కు చివర కళ్లద్దాలు. ఇద్దరు సాక్షులు, మేమూ కూర్చున్నాం. నర్సమ్మ డ్యూటీకి వెళ్లే నల్ల చెప్పులతోనే వచ్చింది. ఖాజీ గారు పాస్‌పోర్టులు అడిగారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి తనది తీసి బల్ల మీద పెట్టింది. పెళ్లికొడుకు బావ వైపు చూశాడు. బావగారు చంకలో ఉన్న తోలు సంచీ జిప్పు లాగి, కట్టలోంచి రబ్బరు బ్యాండు తప్పించి, ఒక పాస్‌పోర్టు వెతికి బల్ల మీద పెట్టాడు.

ఖాజీ గారు ఆ పాస్‌పోర్టు చూశారు, అందులో ఫొటో చూశారు, బావగారి ముఖం చూశారు.

"పెళ్లికొడుకు నువ్వా?" అని అడిగారు. నేను తర్జుమా చేశాను.

"లా, లా. వీడు" అన్నాడు బావగారు.

"మరి ఇది నీ దగ్గరెందుకుంది?"

బావగారు తనకు వచ్చిన అరబ్బీలో, పిల్లవాడు, ఎడారిలో పని, పోగొట్టుకుంటాడు, అందుకని జాగ్రత్త అని చెప్పాడు. తర్వాత తెలిసిందేమంటే, కంపెనీవాళ్లు ఆ పాస్‌పోర్టు ఎప్పుడో అతని చేతికిచ్చేశారట. బావగారే రువైస్ వెళ్లి మరీ తెచ్చి జాగ్రత్త చేశాడట. ఖాజీ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తన పాస్‌పోర్టు తాను దాచుకోలేని పిల్లవాడైతే నేను నికా చేయకూడదు. మగవాడైతే ఇది వీడి దగ్గర ఉండాలి. రెండిట్లో ఏదో తేల్చి చెప్పండి" అన్నారు.

నేను తర్జుమా చేశాను. ఒక్క మాట కూడా తగ్గించలేదు. కొంచెం గట్టిగా కూడా చెప్పాననుకుంటాను. బావగారు నవ్వబోయి మానుకున్నాడు. పెళ్లికొడుకు చెవులు ఎర్రబడ్డాయి. ఖాజీ గారు పాస్‌పోర్టును బల్ల మధ్యలోనే ఉంచి, పెద్ద పుస్తకంలో పేజీ తిప్పి, షరతులేమైనా ఉన్నాయా అని అడిగారు.

"మాఫీ, మాఫీ" అన్నాడు బావగారు, ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు.

"నిన్ను కాదు" అని ఖాజీ గారు చిన్నాయన వైపు తిరిగారు. పాపం చిన్నాయన. ఆ పెద్దమనిషి అదీ నిజమే అనడానికి కూడా ఎవరూ ముందు ఏమీ అనలేదు. ఖాజీ గారి కలం ఆ గడి మీదికి పోయింది. ఆ గీత ఎట్లా పడుతుందో నాకు తెలుసు.

"ఉండాయని చెప్పన్నా" అంది నర్సమ్మ.

కలం ఆగింది. ఆవిడ మూడూ చెప్పింది. ఉద్యోగం, వీసా, పాస్‌పోర్టు. నేను ఒక్కొక్కటే అరబ్బీలో చెప్పాను. ఖాజీ గారు వింటూ తలాడించి, "నువ్వు ఒప్పుకుంటావా?" అని పెళ్లికొడుకుని అడిగారు. అతను అలవాటు కొద్దీ బావ వైపు చూశాడు.

"ఈ సంబంధం మనకొద్దు" అన్నాడు బావగారు లేచి నిలబడి. "నలుగురిలో మాటిచ్చి కోర్టులో తప్పినారు. లెయ్‌రా. పోదాం."

పెళ్లికొడుకు సగం లేచాడు. అంతే అయిపోయిందనుకున్నాను. చిన్నాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు నర్సమ్మ, బావగారి వైపు కాదు, బల్ల మీద ఉన్న పాస్‌పోర్టు వైపు చూస్తూ మాట్లాడింది.

"ఇంకోటి ఉండాదన్నా, నాలుగోది. ఇప్పుడే తెలిసింది నాకు. ఆయన పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉండాల. ఎవురికీ ఇవ్వగూడదు. నాకు గూడా."

తర్జుమా చేసేవాడికి సొంత గొంతు ఉండకూడదంటారు. నేను మాత్రం ఆ నాలుగోదాన్ని ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పాను. ఖాజీ గారు విని, ఇన్నేళ్లలో ఆడపిల్ల తన కోసం షరతు పెట్టడం చూశాను గానీ ఎదుటివాడి కోసం పెట్టడం చూడలేదని నవ్వారు. ఆ పాస్‌పోర్టు తీసి నేరుగా పెళ్లికొడుకు చేతికిచ్చారు. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు మీద అరచెయ్యి వేసుకుని, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"బావా, నువ్వు కూచో" అన్నాడు. తర్వాత ఖాజీ గారి వైపు తిరిగి, "ఒప్పుకుంటాండా. నాలుగూ రాయండి" అన్నాడు.

వాళ్లు మా షాపు గడప తొక్కినప్పటి నుంచి అతను పూర్తిగా మాట్లాడిన మొదటి మాట అదే. ఖాజీ గారు రాశారు. గడి చాలక పక్కన ఖాళీ చోటులోకి కూడా పోయింది రాత. బావగారు అలిగి విందుకు రాడనుకున్నాం. వచ్చాడు, రెండోసారి వడ్డించమని అడిగి మరీ తిన్నాడు.

ఆ వారం ఫోన్ కార్డు గీకి ఊళ్లో ఉన్న మా ఆవిడకు ఈ కథంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అంతా విని, "మనదాంట్లో ఏం రాసినారు?" అని అడిగింది. గీత కొట్టారని చెప్పాను. కార్డులో ఇంకా నిమిషాలు మిగిలి ఉండగానే ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత సెలవుకు ఇంటికి పోయినప్పుడు నేను నా పాస్‌పోర్టు ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఆవిడే చెప్పింది, అది వేరే సంగతి.

తర్వాత కొన్నాళ్లు వాళ్లు నాకు కనబడలేదు. అతను గురువారం డ్యూటీ దిగి రువైస్ నుంచి అల్ ఐన్‌కు అంత దూరం బస్సులు మారి వస్తాడనీ, శుక్రవారం వంట అతనిదేననీ చిన్నాయన బజార్లో కనబడినప్పుడు చెప్పేవాడు. చెప్పేటప్పుడు సిగ్గుపడేవాడు. అదేమన్నా తప్పా పెద్దాయనా అంటే, అదీ నిజమే అనేవాడు.

రెండు వేల ఎనిమిదిలో ఒకరోజు ఇద్దరూ మా షాపుకు వచ్చారు. రువైస్‌లో కంపెనీ కాంట్రాక్టు అయిపోయింది. అతని ఉద్యోగం పోయింది, దాంతో వీసా కూడా పోబోతోంది. వేరే పని దొరికేలోపు దేశం విడిచి పోవాల్సిందే, ఇంకెవరైనా కఫీల్‌గా నిలబడితే తప్ప. నర్సుగా చేసేవాళ్లు తమ వీసా మీద ఇంట్లోవాళ్లను ఉంచుకోవచ్చు. అంటే ఆవిడ వీసా ఆసుపత్రి మీద ఉండబట్టే, అతను ఆవిడ వీసా మీద ఉండగలిగే దారి దొరికింది. ఆ రోజు బావగారి మాట విని మార్చుకుని ఉంటే ఈపాటికి ఇద్దరూ ఒకే విమానంలో ఉండేవాళ్లు.

నేను ఫారం తెరిచాను. కఫీల్ అన్న చోట భార్య పేరు, కింద భర్త పేరు టైపు చేశాను. అతను పని వెతుక్కోవడానికి ఆవిడకు అభ్యంతరం లేదన్న కాగితం కూడా టైపు చేసి ఆవిడ ముందు పెట్టాను. నేను చదివి తెలుగులో చెప్పాక ఆవిడ సంతకం పెట్టింది. ఫారానికి పాస్‌పోర్టు కాపీ కావాలన్నాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగు వైపు చూశాను, అలవాటు పడ్డ ప్రాణం గదా.

"నా దగ్గర లేదన్నా. ఆయన దగ్గరే ఉండాది" అంది. "నాకు గూడా ఇవ్వగూడదని షరతు గదా."

అతను చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. కాపీ తీసి వాపసు ఇవ్వగానే మళ్లీ జేబులో పెట్టుకుని, మీద చెయ్యి వేసుకున్నాడు. ఉద్యోగం పోయినవాడి ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, రోజూ చూసేవాణ్ణి. ఇతని ముఖంలో దిగులుంది గానీ, వేరేవాళ్ల బీరువాలో బతుకు పెట్టుకున్నవాడి భయం లేదు. నాకు ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను. సంతోషమేస్తే వెటకారమాడడం నాకున్న జబ్బు.

"ఇప్పుడు పక్షాలు తారుమారైనాయి" అన్నాను. "మొదటి పక్షం ఈమె, రెండో పక్షం నువ్వు. పాత అగ్రిమెంటు ఫైలు ఇంకా కంప్యూటర్లోనే ఉంది. తెరిచి పేర్లు మార్చమంటావా? ప్రొబేషన్ కూడా పెట్టేద్దామా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"పెట్టుకోండి అన్నా" అన్నాడు. "శుక్రవారం సెలవు మాత్రం కొట్టెయ్యద్దు."